పద్నాలుగో డ్రమ్ము

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. కరోనా మాట ఇంకా మన వీధుల్లోకి రాలేదు. చైతన్యపురిలో హాస్టళ్ళ మధ్య మిగిలిపోయిన నా కింది వాటా గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డాను. పాలతను లీటరు కొలిచి పోశాడు. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగి అతని చేతికే ఇచ్చేశాను.

"ఈ పాలు నాకొద్దు. పుల్లటి వాసన వస్తోంది. విరిగిన వాసన కాదు, వేరే ఏదో. గేదెకు ఏం పెట్టావయ్యా?"

పాలవాళ్ళతో నాకు నలభై ఏళ్ళ అనుభవం. వాదనకు సిద్ధంగానే ఉన్నాను. అతను వాదించలేదు. క్యాను మూత బండి మీద పెట్టి, రెండు చేతులూ నడుం మీద వేసుకుని, ముఖమంతా నవ్వాడు.

"వాసన పట్టిన్రా అమ్మా! ఎట్లుంది? పుల్లగ, జర తియ్యగ, కల్లు లెక్కనా?"

"కల్లు సంగతి నాకేం తెలుసు? నానబెట్టిన మెంతుల్లో బెల్లం కలిపినట్టుంది."

"గదే! గదే కావాలె నాకు. అంటే నా పాతర పండిందన్నట్టు." ఆ గిన్నెను తానూ ఒకసారి వాసన చూసి, "మీ ముక్కు మామూలు ముక్కు గాదమ్మా" అన్నాడు.

పాతర అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. పచ్చిమేతను చిన్న ముక్కలుగా కోసి, గాలి చొరకుండా తొక్కి మూసిపెడితే నలభై అయిదు రోజుల్లో పులిసి, నెలల తరబడి చెడకుండా ఉంటుంది. కరపత్రాల్లో దాన్ని సైలేజీ అని రాస్తారు. మధ్యాహ్నానికి అలాంటి కరపత్రం ఒకటి సంపాదించి చదివాను. ఆ మేతను పాలు పిండకముందు పెడితే వాసన పాలలోకి వస్తుందనీ, పిండిన తరవాత పెడితే రాదనీ అందులో ఉంది. మర్నాడు అతనికి చదివి వినిపించాను. గురువారం నుంచి పాలలో వాసన లేదు. అప్పటినుంచి నన్ను టీచరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయినదాన్నని అప్పటికి అతనికి తెలియదు.

అతని పేరు ఇక్కడ రాయను. రాసే హక్కు నాకు లేదనిపిస్తోంది. ఇదైనా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన గురువారం కళ్ళ డాక్టరు దగ్గరి నుంచి వస్తూ ఎల్బీ నగర్‌లో నల్లగొండ బస్సులు ఆగేచోట ఒక చాయ్ బండి పక్కన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము చూశాను. గ్లాసులు కడిగే నీళ్ళు నింపారు. దాని మీద తెల్ల రంగుతో తొమ్మిది అంకె, కింద ఒక తేదీ. నా తొమ్మిదికి తోక నిటారుగా ఉంటుంది. బోర్డు మీద అన్నేళ్ళు రాసిన తొమ్మిదిని నేను గుర్తుపట్టలేనా?

అతనిది దేవరకొండ దిక్కు ఊరు. భార్య అక్కడే ఉండి రెండెకరాల మెట్ట చూసుకునేది. అతను బడంగ్‌పేట్ చివర అమ్ముడుపోని ప్లాట్ల మధ్య ఒక రేకుల కొట్టం కిరాయికి తీసుకుని పదకొండు బర్రెలతో ఉండేవాడు. నేను గేదె అంటే ఒప్పుకునేవాడు కాదు. "మీరు గేదె అంటే అది పలకదమ్మా, బర్రె అనాలె" అనేవాడు.

అక్కడ గడ్డి ఎక్కడిది? ఖాళీ ప్లాట్ల హద్దుల వెంబడి తనంతట తాను మొలిచిన సుబాబుల్ ఉండేది. కరెంటు తీగలకు అడ్డం వచ్చిన కొమ్మలను లైన్‌మెన్‌లు కొట్టేస్తుంటే, అతను మోపెడ్ మీద వాళ్ళ వెనకాలే తిరిగి ఆకు పోగుచేసేవాడు. ఏ రోజు ఏ వీధిలో కరెంటు తీస్తారో అతనికి వాళ్ళకన్నా ముందు తెలిసేది. మా వీధిలో కరెంటు పోతే ఆఫీసుకు కాదు, అతనికి ఫోన్ చేసేదాన్ని. "పదకొండుకు వస్తదమ్మా, ఇంక రెండు చెట్లే ఉన్నయి" అనేవాడు.

ఆ చెట్టంటే అతనికి తన ఊరివాళ్ళకన్నా గౌరవం ఎక్కువ. "దీనికి నీళ్ళు పోసినోడు లేడు, మందు కొట్టినోడు లేడు. ఎండాకాలం మా ఊళ్ళె మనుషులు ఎండిపోతరు, ఇది మాత్రం పచ్చగనే ఉంటది" అనేవాడు. కానీ ఆ ఆకు మేతలో మూడో వంతు దాటితే పశువుకు తోక వెంట్రుకలు రాలుతాయి. ఆ లెక్క నేనే కట్టి ఇచ్చాను. ఇంత ఆకుకు ఇంత జొన్న చొప్ప, వంద కిలోలకు రెండు కిలోల బెల్లం. కాగితం చూసి తల గోక్కుని, "నేను ఏస్తనమ్మా, కని బర్రెకు భాగహారం రాదు గద, పక్కదాని వాటా గూడ తింటది" అన్నాడు.

అతనికి రెండు అలవాట్లు ఉండేవి. ఒకటి, ఏది చేతికొచ్చినా ముందు వాసన చూడడం. నా పాలగిన్నె ఇంకోసారి కడగాలో లేదో పోసేముందే చెప్పేసేవాడు. రెండోది పిడికిలి. కోసిన ఆకు మూతపెట్టడానికి పదునుకు వచ్చిందో లేదో తెలియాలంటే గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదలాలి. వెంటనే విడిపోతే మరీ ఎండింది, ముద్దలాగే ఉండిపోతే తడి ఎక్కువ. మెల్లగా, నిద్ర లేస్తున్నట్టుగా విచ్చుకోవాలి. ఈ పరీక్ష అతను అన్నిటికీ పెట్టేవాడు. ఒకసారి నేనిచ్చిన ఉప్మాను అరచేతిలో నొక్కి చూసి, "తడి జర ఎక్కువైందమ్మా, డ్రమ్ముల పెడితే కుళ్ళుతది" అన్నాడు.

"డ్రమ్ములో ఎవడు పెట్టమన్నాడయ్యా, నోట్లో పెట్టుకో" అన్నాను.

అతని కొట్టానికి ఒక్కసారే వెళ్ళాను. దసరా సెలవుల్లో, గొడుగు పట్టుకుని, డ్రమ్ములకు నంబర్లు వెయ్యడానికి. ఇరవై డ్రమ్ములు ఉండేవి. అన్నీ ఒకే రంగు. ఏది ఎప్పుడు మూశాడో తాను గుర్తుపెట్టుకుంటానంటే నాకు నచ్చలేదు. ఒక్కోదాని మీద అంకె, కింద మూసిన తేదీ రాసే పద్ధతి పెట్టాను. అవే తేదీలు మా ఇంటి గోడ క్యాలెండరులో కూడా గుర్తుపెట్టుకునేదాన్ని. అతను రోజూ పాలు పోస్తూ, నెలలు నిండిన కోడలి గురించి అడిగినట్టు, "ఆరో దానికి దినాలు నిండినయా అమ్మా?" అని అడిగేవాడు.

ఆ రోజు అతను డ్రమ్ములో నిలబడి ఆకు తొక్కుతున్నాడు. మోకాళ్ళ పైదాకా పంచె బిగించి, అంచు పట్టుకుని, గుండ్రంగా, ఒక్కో అంగుళం జరుగుతూ. మాట్లాడడు. నలభై నిమిషాలు. నేను గడియారం చూశాను.

"ఇంకెంతసేపయ్యా?"

"గాలి పోయేదాక."

"పోయిందని ఎట్లా తెలుస్తుంది?"

"కాలికి తెలుస్తదమ్మా." దిగివచ్చి, కాళ్ళ వేళ్ళ మధ్య ఇరుక్కున్న ఆకు తీసుకుంటూ, "చేతికి తెల్వనియి కొన్ని కాలికి తెలుస్తయి" అన్నాడు.

రెండో విడత కరోనాలో అతను పదిహేడు రోజులు పడిపోయాడు. భార్య ఊరి నుంచి వచ్చి అన్నాళ్ళూ పాలు పిండి వెళ్ళింది. లేచాక మళ్ళీ పాలు తెచ్చిన మొదటి రోజు అలవాటుగా నా గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలాగే నిలబడిపోయాడు. మనిషి సగమయ్యాడు.

"వాసన పోయిందమ్మా. పేడ వాసన గూడ వస్తలేదు. బర్ల నడుమ పండుకుంటున్న, బర్రెలు లేనట్టే ఉంది."

వస్తుందిలే అన్నాను. రాలేదు. ఆరు నెలలు చూశాడు. డ్రమ్ములు తెరిచే కాలం వచ్చింది. పాతరమేత బాగుందో చెడిందో చెప్పేది వాసనే. కంటికి తేడా తెలియదు, బాగున్నదీ చెడినదీ రెండూ నానిన చింతాకు రంగులోనే ఉంటాయి. ఒకరోజు గేటు దగ్గర చాలాసేపు నసిగి అడిగాడు.

"టీచరమ్మా, మీ ముక్కు జర కిరాయికి ఇస్తరా?"

"కిరాయి వద్దుగానీ, కవరు ముడి గట్టిగా వేసుకురా. ఇల్లంతా కంపు చెయ్యకు."

అప్పటినుంచి కొత్త డ్రమ్ము తెరిచిన ప్రతిసారీ అడుగు దాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, కవరులో ముడివేసి గేటు కొక్కానికి తగిలించేవాడు. వీధి చివరిదాకా పాలు పోసి ఇరవై నిమిషాల్లో తిరిగి వచ్చి జవాబు తీసుకునేవాడు. నేను వరండాలో కూర్చుని ముడి విప్పి వాసన చూసేదాన్ని. పదమూడు డ్రమ్ములు చూశాను. పదకొండింటికి బాగుందన్నాను. ఒకదానికి ఇంకో వారం ఆగమన్నాను, ఆగాడు. ఒకదానికి పైపొర జానెడు తీసి పారెయ్యమన్నాను. ఎందుకని అడగకుండా తీసి పారేశాడు.

మార్చి పంతొమ్మిది, శనివారం. శనివారాలు నేను తలస్నానం చేసి, మడి కట్టుకుని, పూజ అయ్యేదాకా బయటి వస్తువు ముట్టను. ఆ రోజు అతను కవరు తగిలించి, "అమ్మా, పద్నాలుగు" అని కేకేసి వెళ్ళాడు. దేవుడి గది గుమ్మంలోంచి క్యాలెండరు కనిపిస్తోంది. జనవరి ఇరవై ఏడున మూసింది. యాభై ఒక్క రోజులు. కావలసినదాని కంటే ఆరు ఎక్కువ. ఆకు పాళ్ళు నేను చెప్పినవే, బెల్లం నేను చెప్పినంతే, తొక్కింది అతనే. చెడడానికి కారణం ఒక్కటీ లేదు.

అతను వచ్చి గేటు బయటి నుంచి అడిగాడు. "ఎట్లుందమ్మా?"

"బాగానే ఉంది."

బాగానే ఉంటుంది అనలేదు. ఉంది అన్నాను. చూసినట్టే అన్నాను. అతను సరేనని బండి తీశాడు.

మధ్య మెట్లు రాయకుండా జవాబు ఒక్కటే రాసిన పిల్లలకు, ఆ జవాబు సరైనదే అయినా, నేను సున్నా వేసేదాన్ని. తల్లులు వచ్చి గొడవపడేవారు. ఒక్కసారి కూడా మార్చలేదు.

పదకొండు గంటల పది నిమిషాలకు పూజ, వంట అయ్యాక కవరు చెత్తబుట్టలో వెయ్యబోతూ ముడి విప్పాను. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకపోయింది. పాడైన నెయ్యి, తడి గోనె, చచ్చిన ఎలుక. పదమూడింటిలో ఎన్నడూ లేని వాసన.

ఫోన్ పక్కనే ఉంది. అతని నంబరు నాకు నోటికొచ్చు. కానీ ఏమని చెప్పాలి? పొద్దున చూడకుండానే చెప్పానని చెప్పాలి. కవరు నాలుగున్నర గంటలు ఎండలో వేలాడింది కదా, అందుకే చెడి ఉంటుంది అనుకున్నాను. ఎండలో నాలుగున్నర గంటలకు ఆ వాసన రాదని నాకు తెలుసు. తెలిసే అలా అనుకున్నాను. భోజనం చేశాను. పడుకున్నాను, నిద్ర పట్టలేదు. అతను మేత రెండుసార్లు వేస్తాడు, పొద్దున తొమ్మిదిన్నరకు ఒకసారి, సాయంత్రం పాలు పిండాక అయిదింటికి ఒకసారి. ఈ వేళలు కూడా నేను పెట్టినవే. ఆరు గంటలకు ఫోన్ చేశాను.

"ఎందుకైనా మంచిది, ఆ పద్నాలుగోది ఆపవయ్యా."

"ఇప్పుడే అడుగు ఊడ్చి ఏసిన అమ్మా. ఏమైంది? పొద్దుగాల బాగుందంటిరి గద?"

అప్పుడు కూడా చెప్పవచ్చు. "నాకు కాస్త జలుబుగా ఉంది. సరిగా తెలియలేదేమోనని" అన్నాను.

"అయ్యో, జలుబా?" అన్నాడు. గొంతులో బర్రెల గురించి ఆదుర్దా లేదు. నా గురించే.

ఆదివారం పాలతోపాటు ఒక చిన్న పొట్లం తెచ్చాడు. శొంఠి, మిరియాలు, దంచి తెచ్చాడు. "పాలల్ల మరగబెట్టుకొని తాగున్రి. ముక్కు జాగ్రత్తమ్మా. అది మీ ఒక్కరికే గాదు, నాకు గూడ పన్జేస్తది."

నేను మరగబెట్టుకుని తాగాను. నాలుగు రోజులు తాగాను. పారబోస్తే ఇంకో అబద్ధం అవుతుందనిపించింది.

శుక్రవారం చుక్క అనే బర్రె నెమరు ఆపేసింది. నుదుట తెల్లబొట్టు ఉన్నది అదే. పొద్దుగుంకేసరికి కూలబడింది. పశువుల డాక్టరు వచ్చి, ఏం పెట్టావని అడిగి, పాతరమేత చెడి ఉంటుందన్నాడు. ఆదివారం చచ్చిపోయింది. సోమవారం కొమ్ములు లేని బోడిది. మంగళవారం మూడోది ఈసుకుపోయింది, కడుపులోని ఏడో నెల దూడ పడిపోయింది. ఈ మూడు కబుర్లూ అతను పాలు పోస్తూనే చెప్పాడు. కొలత తప్పలేదు.

"మిగిలిన ఆరు డ్రమ్ముల్లోంచీ గుప్పెడు తీసుకురా. వాసన చూస్తాను" అన్నాను.

"మీకు జలుబు గదమ్మా. మిమ్మల్ని పరేషాన్ చేసుడెందుకు?"

"తగ్గింది."

"ఉండనియ్యున్రి."

ఆరింటినీ మూత తీయకుండా మోసుకుపోయి ఒక పాత క్వారీ గుంటలో కుమ్మరించి వచ్చాడు. అవి బాగున్నాయో లేదో ఎవరూ చూడలేదు. బాగుండే ఉంటాయని నా లెక్క. నా లెక్క అని ఇప్పుడు రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

ఉగాది పోయాక వచ్చిన రెండో ఆదివారం, ఏప్రిల్ పది, అతను చివరిసారి పాలు పోశాడు. బర్రెలన్నీ అమ్మేశానన్నాడు.

"ఎందుకయ్యా? ఒక్క డ్రమ్ము చెడితే..."

"డ్రమ్ము గాదమ్మా. నా కాళ్ళు. జరమొచ్చినకాంచి కాళ్ళల్ల బలం లేదు. తొక్కుడు సక్కగ కాలె, లోపల గాలి ఉండిపోయింది. ముక్కు పోతే మీరున్నరు. కాళ్ళు పోతే ఎవరుంటరు?" ఖాళీ అరచేతిని ఒకసారి పిడికిలి బిగించి, మెల్లగా విప్పి చూసుకున్నాడు. "మీ తప్పేం లేదమ్మా. జలుబు ఎవరికన్న అయితది."

గేటు మూసి వెళ్ళిపోయాడు. నేను ఇవతల నిలబడి ఉన్నాను. వీధి మలుపు దాకా అతని బండి చప్పుడు వినిపించింది. పిలిస్తే వినపడేంత దూరమే.

డ్రమ్ము చెడడం నా తప్పు కాకపోవచ్చు. మూతకు పగులు ఉండవచ్చు, ఎలుక కొరికి ఉండవచ్చు, నిజంగా అతని కాళ్ళే అయి ఉండవచ్చు. డ్రమ్ములు చెడుతూనే ఉంటాయి. చెడినదాన్ని పశువు నోటిదాకా పోనివ్వకుండా ఆపడానికే అతను నన్ను పెట్టుకున్నాడు.

పోయిన గురువారం ఆ చాయ్ బండాయన్ని డ్రమ్ము ఎక్కడిదని అడిగాను. "బడంగ్‌పేట్ల ఒకాయన అమ్ముకొని ఊరికి పోయిండమ్మా. మస్తు గట్టిది. ఎందుకు, మీకు గావాల్నా?" అన్నాడు. అక్కరలేదన్నాను. ఇంటికి వచ్చి పాత నంబరుకు ఫోన్ చేశాను. చెప్పేద్దామనే చేశాను. అతని భార్య ఎత్తింది.

"ఆయన సచ్చిపోయి నాలుగు నెలలాయె అమ్మా. ఎవరు మీరు?"

చైతన్యపురి నుంచి, పాలు పోసేవాడు నాకు, అన్నాను.

"ముక్కు టీచరమ్మా మీరు?" ఆమె గొంతు తేలికైంది. "మస్తు చెప్తుండె మీ గురించి. అమ్మకు జలుబు లేకపోతే నా చుక్క బతుకుతుండె, అని అంటుండె. మళ్ళ తనే, నా కాళ్ళదే తప్పు అంటుండె. ఇక్కడ పొలం గట్ల మీద సుబాబులు పెట్టిండమ్మా, పచ్చగ ఉంది. పాతర మాత్రం ఎయ్యలే. ఎయ్యరాదా అంటే, నా కాలికి తెలుస్తలేదే అనెటోడు."

"అమ్మా, ఆ రోజు నాకు జలుబు లేదు. నేను కవరు విప్పలేదు. చూడకుండా బాగుందని చెప్పాను."

అవతల ఒక మేక అరిచింది. తరవాత ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"గా మాట ఆయనకు చెప్పుంటే అయిపోతుండె గదమ్మా. మళ్ళ తొక్కుతుండె" అంది. ఫోన్ పెట్టేసింది.

పోయినవి ఇవి. బర్రెలు రెండు, చుక్క, బోడిది. ఏడో నెల దూడ ఒకటి. అతని చేతిలోంచి పోయిన బర్రెలు తొమ్మిది. వాసన చూడకుండా కుమ్మరించిన డ్రమ్ములు ఆరు. పదకొండూ పది నుంచి ఆరు గంటల దాకా, ఆరు గంటల యాభై నిమిషాలు. నిజం చెప్పడానికి దొరికిన ఉదయాలు, మార్చి ఇరవై నుంచి ఏప్రిల్ పది దాకా, ఇరవై రెండు. ఒక మనిషికి తన కాళ్ళ మీద ఉన్న నమ్మకం.

నాకు పోయింది ఏమీ లేదు. ముక్కు ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది.